చిన్నమ్మ గ్రహణపాఠం

పోయిన వారం మా అమ్మాయిని వెంటబెట్టుకుని ఉధ్నా స్టేషన్ రోడ్డులో ఒక ఫోటో స్టూడియోకు వెళ్లాను. పదకొండో తరగతి అడ్మిషన్‌కు ఫోటోలు కావాలన్నారు. స్టూడియో కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చుని, మేము అడక్కుండానే దాని మొటిమలు చెరిపేశాడు, రంగు కాస్త తెల్లబరిచాడు, చెదిరిన జుట్టు సర్దాడు. పైపెదవి దగ్గరికి వచ్చేసరికి చేయి ఆపి, "దీదీ, యే లైన్ భీ నికాల్ దూఁ?" అన్నాడు జాలిగా, ఈ గీత కూడా తీసేయనా అని. పెదవి నుంచి ముక్కు దాకా సన్నటి దారపు పోగులా ఉంటుంది ఆ గీత. "రహెనే దో భయ్యా, వో మేరీ హై," అంది మా అమ్మాయి. ఉండనివ్వు, అది నాది అని. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మా, నా మొటిమలు గూడ వాపస్ పెట్టుమను. గివి ఎవరి ఫోటోలో అనుకుంటరు కాలేజీల," అంది. కుర్రాడు మొటిమలన్నీ ఒక్కొక్కటే తిరిగి పెట్టాడు. ఆ గొంతులోని పొగరు నాది కాదు. వాళ్ల నాన్నది అసలే కాదు. ఆయన ఆటోవాడితో బేరమాడడానికి కూడా సిగ్గుపడే మనిషి. అది మా చిన్నమ్మ పొగరు. అది ఈ పిల్లకు ఎలా వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. సిరిసిల్ల వైపు మా ఊరి నుంచి పెళ్లయి సూరత్ వచ్చింది. చిన్నాయన ఉధ్నాలో ఒక కార్ఖానాలో మగ్గాలు నడిపేవాడు. కొన్నేళ్లకు అదే వీధిలో నాకూ సంబంధం చూసి, నన్నూ ఇక్కడికి రప్పించింది. మా వీధిలో మగ్గాల చప్పుడు పగలూ రాత్రీ ఆగదు. అక్కడ పుట్టిన పిల్లలను ఊరికి తీసుకుపోతే ఆ నిశ్శబ్దానికి నిద్రపట్టక ఏడుస్తారు. ఆ చప్పుడును మించిన గొంతు చిన్నమ్మది. ఇంటర్ దాకా చదివింది. సాయంత్రం పూట మా కులసంఘం హాల్లో తెలుగు పిల్లలకు పాఠాలు చెప్పేది. బడిలో గుజరాతీ, వీధిలో హిందీ, ఇంట్లో తెలుగు కలిసి మూడు భాషల్లోనూ సగం సగం మాట్లాడే పిల్లలు వాళ్లు. లెక్కలు, అక్షరాలు అయ్యాక చివర ఒక గంట ఆకాశం పాఠం. అది ఎవరూ చెప్పమన్నది కాదు. ఏ పరీక్షలోనూ రాదు. అయినా పిల్లలు దానికోసమే ఎక్కాలు ఓర్చుకునేవారు. నేను కొత్త కోడలిని, ఇంట్లో ఊపిరాడక, పిల్లలను కూర్చోబెట్టే వంకతో వెళ్లి ఆ పాఠం వినేదాన్ని.

పాఠానికి సామాను పెద్దగా ఉండేది కాదు. హాలు పక్కన నీళ్ల ట్యాంకు దగ్గర ఒక చీపురు కర్రను నిటారుగా పాతింది. సెలవు రోజుల్లో పిల్లలు దాని నీడ చివర సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. పొద్దున పొడుగ్గా పడమటికి పడిన నీడ, ఎండ ఎక్కేకొద్దీ కుంచించుకుపోయి, మళ్లీ తూర్పుకు సాగుతుంది. అన్నిటికన్నా పొట్టిగా ఉన్నప్పుడే నడి మధ్యాహ్నం. "గడియారం పుట్టకముందు గిదే గడియారం. లోకంల మొట్టమొదటి సైన్సు సామాను ఏందంటే కట్టె," అనేది. చలికాలంలో మధ్యాహ్నపు నీడ ఎక్కడి దాకా వచ్చిందో, ఎండాకాలంలో ఎంత దగ్గరికి జరిగిందో నేల మీద గీతలుండేవి. మే నెల చివర్లో ఒక రోజు నడినెత్తిన సూర్యుడు నిలబడి, చీపురు కర్ర నీడ పూర్తిగా మాయమైపోయింది. పిల్లలు తమ కాళ్ల కింద తమ నీడలు వెతుక్కుంటూ గంతులు వేశారు. జనవరిలో సూరత్ అంతా మేడలెక్కి ఉత్తరాయణమని పతంగులు ఎగరేస్తుంటే, చిన్నమ్మ మాత్రం గీతలు చూపించి, "సూర్యుడు డిసెంబర్లనే ఉత్తరం దిక్కు మలిగిండు. ఊరు ఇప్పుడు సూస్తుంది," అనేది. పతంగి మాత్రం ఎగరేసేది. పండుగతో ఆమెకు పేచీ లేదు.

నదుల ఒడ్డున పంటలు పండించుకునే పాతకాలపు మనుషుల గురించి చెప్పేది. ఎప్పుడు విత్తాలో, ఎప్పుడు వరద వస్తుందో తెలియడానికి వాళ్లు చుక్కలను చూశారట. అన్ని చుక్కలూ ఒకదానితో ఒకటి ఎడం మారకుండా కదులుతుంటే, కొన్ని మాత్రం వాటి మధ్య దారి తప్పినట్టు తిరుగుతున్నాయని కనిపెట్టారట. కొందరైతే తడిమట్టి పలకల మీద గ్రహణాలన్నీ తరతరాలుగా గీసిపెట్టుకుని, చివరికి రాబోయే గ్రహణాన్ని ముందే చెప్పగలిగారట. చంద్రగ్రహణం వేళ చంద్రుడి మీద పడే నీడ అంచు ఎప్పుడూ గుండ్రంగానే ఉందని గమనించి, ఆ నీడ భూమిదేనని, భూమి గుండ్రమని తేల్చిన వాళ్లూ ఉన్నారట. మన దేశంలోనే ఒకాయన, ఎప్పుడో పదిహేను వందల ఏళ్ల కింద, తిరిగేది ఆకాశం కాదు, భూమి అన్నాడట. "ఆయనను గూడ నవ్వే ఉంటరు," అనేది చిన్నమ్మ, ఆ నవ్వినవాళ్లు మా వీధివాళ్లే అయినట్టు కోపంగా.

ఒక ఆదివారం అందరినీ బస్సెక్కించి డుమస్ తీసుకువెళ్లింది. నల్లటి ఇసుక, వేడివేడి టమాటా భజియాలు, ఎదురుగా సముద్రం. దూరంగా పోతున్న ఓడను చూడమంది. ముందు కింది భాగం మాయమైంది, తర్వాత మధ్యది, చివరికి పైనున్న స్తంభం. "బల్లపరుపు భూమైతే మొత్తం ఒక్కసారే చిన్నగై మాయం కావాలె గదా? మరి కిందిది ముందు ఎందుకు మునిగింది?" అని అడిగింది. ఒక పిల్ల నోటినిండా భజియా పెట్టుకుని, "ఘాట్ దిగింది మేడం," అంది. కొండదారి దిగినట్టు అని. అంతకన్నా మంచి జవాబు ఈనాటికీ నేను వినలేదు.

ఈ పిచ్చి ఆమెకు ఎందుకు పట్టిందో చాలామందికి తెలియదు. నాకు మా అమ్మ చెప్పింది. సూరత్ వచ్చిన కొత్తలో చిన్నమ్మకు ఒక కొడుకు పుట్టాడు. పైపెదవి చీలి పుట్టాడు. మన భాషలో దానికి పేరే గ్రహణమొర్రి. అంటే తప్పు ఎవరిదో ఆ పేరులోనే రాసిపెట్టి ఉంది. కడుపుతో ఉండగా ఒక గ్రహణం రోజు చిన్నమ్మ వరండా చివర ఉన్న పాయఖానాకు వెళ్లింది. అద్దె గదుల్లో అందరికీ కలిపి అదొక్కటే. ఎవరో చూశారు. పిల్లవాడు రొమ్ము పట్టలేకపోయాడు. పాలు ముక్కులోంచి వచ్చేవి. వారం తిరగకుండానే పోయాడు. అత్తగారు, వీధి, ఊరు, అందరూ ఒకటే మాట అన్నారు: ఎందుకు బయటికి పోయింది? చాలా ఏళ్ల తర్వాత ఆస్పత్రిలో ఒక నర్సు మాటల మధ్య చెప్పిందట, అలాంటి పిల్లలకు తల ఎత్తిపట్టి చెంచాతో కొద్దికొద్దిగా పాలు పోస్తే బతుకుతారని, తర్వాత కుట్టు వేయొచ్చని. ఆ రోజు నుంచే చిన్నమ్మ గ్రహణం అంటే ఏమిటో దొరికిన ప్రతి పుస్తకంలో వెతకడం మొదలుపెట్టింది. మళ్లీ పిల్లలు కలగలేదు.

నాకు ఆరో నెల నడుస్తుండగా వానాకాలంలో సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. సూరత్‌లో పొద్దు పొడిచిన కాసేపటికే పూర్తి చీకటి పడుతుందని అన్ని పత్రికలూ రాశాయి. చిన్నమ్మ హాల్లో ఆ వారమంతా అదే పాఠం చెప్పింది. చీరల మీద పూలు కుట్టే గుండ్రటి చెక్క ఫ్రేములు రెండు తెచ్చి, ఒకదానిలో ఒకటి కొంచెం ఏటవాలుగా దూర్చింది. "ఇది సూర్యుడు నడిసినట్టు మనకు కనపడే తొవ్వ. ఇది చంద్రుని తొవ్వ. రెండు ఒక్కటే అయితే ప్రతి అమాసకు గ్రహణమే. కానీ చంద్రుని తొవ్వ జర వంగి ఉంది. అందుకే అమాస నాడు ఆయన పైనుంచో కిందినుంచో పోతడు. ఈ రెండు తొవ్వలు కలిసే జాగలు రెండే. ఆ జాగకాడ ఇద్దరు ఒక్కసారే వస్తేనే గ్రహణం. ఆ రెండు ముళ్లకే పాతోళ్లు రాహువు, కేతువు అని పేరు పెట్టిండ్రు." తర్వాత గొంతు పెంచి, "గ్రహణం పట్టింది, ఇడిసింది అంటరు గదా. ఎవడు పట్టలే, ఎవడు ఇడువలే. అడ్డమొచ్చిండు. గంతే," అంది.

ఆ మాట ఆ రాత్రికే సంఘం పెద్దాయన చెవిన పడింది. ఆయన చెడ్డవాడని చెప్పను. పిల్లల క్లాసుకు హాలు ఇప్పించింది ఆయనే, ట్యూబులైటు దగ్గరుండి పెట్టించిందీ ఆయనే. మరునాడు వచ్చి హాలు గుమ్మంలో నిలబడి, "చెల్లే, పాఠం చెప్పుకో, కాదన్ననా? కానీ గ్రహణం పొద్దు పిల్లలను బయట నిలబెడతనంటున్నవట. అది మాత్రం జరగది," అన్నాడు. "సూర్యుని దిక్కు ఒట్టి కండ్లతోటి ఎవరిని సూడనియ్య అన్నా. అట్ట ముక్కకు సూది బొక్క చేసి, నీడల చూపిస్త," అంది చిన్నమ్మ. "కండ్ల ముచ్చట కాదు నేను అనేది." "నాకు ఎరుకే, నువ్వు ఏ ముచ్చట అంటున్నవో." ఆయన చేయి చాచి, "నిలబెడితే హాలు తాళం ఇయ్యి," అన్నాడు. చిన్నమ్మ బొడ్డులోంచి తాళంచెవి తీసి అప్పుడే ఆయన చేతిలో పెట్టింది. పిల్లలను బయటికి పంపి, చాపలు చుట్టి, తానే తలుపు మూసింది.

మా ఇంట్లో మా అత్తకు నా మీద ప్రేమ ఎక్కువ, గ్రహణమంటే భయం ఇంకా ఎక్కువ. ముందురోజే కత్తిపీట దాచేసింది, సూదులు దాచేసింది, నీళ్ల బిందెలో గరిక వేసింది. తెల్లారక ముందే నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, కిటికీకి దుప్పటి కట్టి, "కదలకు బిడ్డా, గోకుకోకు, జర ఓర్చుకో," అంది. పడుకున్నాను. బయట చిన్నమ్మ గొంతు వినిపించింది, పిల్లలను వరసగా నిలబెడుతూ. నన్ను రమ్మని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే బహుశా వెళ్లేదాన్ని కాదు. ఆ చీకటి గదిలో కప్పు చూస్తూ పడుకున్న నాకు, పాయఖానాకు వెళ్లినందుకు జీవితమంతా మాట పడిన మనిషి వీధిలో ఒంటరిగా నిలబడి ఉందన్న సంగతి ఒక్కటే బుర్రలో తిరిగింది. లేచాను. చెప్పులేసుకుని తలుపు తీశాను.

హాలు పక్క ఖాళీ స్థలంలో చిన్నమ్మ చుట్టూ కొద్దిమందే పిల్లలున్నారు. మిగతా వాళ్లను తల్లులు పంపలేదు. పైన చూస్తే మబ్బు. సూర్యుడే లేడు. అట్టముక్కలు పట్టుకుని పిల్లలు దిగాలుగా నిలబడ్డారు. పై అంతస్తు కిటికీలోంచి ఎవరో నవ్వారు. ఇంతలో నా వెనక మా అత్త పరుగెత్తుకుంటూ వచ్చింది, చేతిలో మందపాటి రగ్గు. నన్ను తిట్టలేదు. ఆ ఉక్కపోతలో నా మెడ నుంచి కాళ్ల దాకా రగ్గు చుట్టి, తూర్పుకూ నాకూ మధ్య చేతులు చాచి అడ్డంగా నిలబడింది. గ్రహణంలో తాను బయటికి వచ్చానన్న సంగతి ఆమెకు అప్పుడు గుర్తే లేదు. అదే సమయానికి రాత్రి డ్యూటీ దిగి వచ్చిన చిన్నాయన మమ్మల్నందరినీ చూసి, "కార్ఖానల మగ్గాలు ఒక్కటి గూడ బంద్ కాలే. గ్రహణం గర్భిణులకే గానీ సేఠ్‌కు లేనట్టుంది," అన్నాడు. అత్త కూడా నవ్వబోయి ఆపుకుంది.

"టైము సూస్తుండుండ్రి," అంది చిన్నమ్మ. ముందు గాలి చల్లబడింది. తర్వాత పడమటి నుంచి మబ్బుల మీదుగా ఎవరో పరదా లాగినట్టు చీకటి వచ్చి పడింది. పిల్లలు అరిచారు. పావురాలు తీగల మీంచి లేచి గూళ్లకు పోయాయి. ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనిపించనంత చీకటి, దూరంగా ఆకాశం అంచున మాత్రం సాయంత్రంలాంటి ఎరుపు. సూర్యుడు కనిపించకపోయినా చీకటి మాత్రం ఆమె బోర్డు మీద రాసిన సమయానికే వచ్చింది. ఆ చీకట్లో చిన్నమ్మ సంచీలోంచి అరటిపండ్లు తీసి పంచింది. "తినుండ్రి. గిది నీడ. నీడల నిలబడి తింటే ఏం కాదు," అంది. నేను రగ్గులోంచి చేయి చాచి పండు తీసుకుని తిన్నాను. వెలుతురు ఎలా పోయిందో అలాగే తిరిగి వచ్చింది.

ఇక్కడితో ఆపితే ఇది మంచి కథ అయ్యేది. కానీ దీపావళికి ముందు నాకు అమ్మాయి పుట్టింది. పైపెదవి చీలి పుట్టింది.

దాన్ని నాకు చూపించారు. మా అత్త గోడకు చేరగిలబడింది. నోటి వరకు వచ్చిన మాటను ఆమె మింగేసింది. అది నేను ఇప్పటికీ మరిచిపోలేదు. చిన్నమ్మ వచ్చింది. పిల్లను చూసి కుర్చీలో కూలబడిపోయింది. ఆమె అలా కూర్చోవడం నేను ఎన్నడూ చూడలేదు. చాలాసేపటికి లేచి, "చెంచా తెండ్రి," అంది. మా అత్త ఇంటికి పోయి ట్రంకు పెట్టె అడుగు నుంచి పాత ఉగ్గుగిన్నె తెచ్చింది. పిల్ల తల ఎత్తిపట్టి చిన్నమ్మ, గిన్నె వంచుతూ మా అత్త, ఇద్దరూ ఒక్కొక్క చుక్కే పోశారు. పిల్ల మింగింది. చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వరండాలోకి వెళ్లిపోయింది.

మరునాడు డాక్టరమ్మ హిందీలో నెమ్మదిగా చెప్పింది. ఇది కొన్ని కుటుంబాల్లో వస్తుందట, మీ వాళ్లలో ఎవరికైనా ఉందా అని అడిగింది. చిన్నమ్మ తన కొడుకు సంగతి చెప్పింది. గ్రహణం చూసినందుకా అని మా అత్తే అడిగేసింది. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. కడుపులో బిడ్డ పెదవి కలిసేది రెండో నెలలో, మూడో నెల నాటికి అంతా అయిపోతుంది, మీరు చెప్పే గ్రహణం ఆరో నెలలో గదా, అంది. మూడు నెలలు దాటాక కుట్టు వేద్దాం అంది. చిన్నమ్మ ఆ మాటను మళ్లీ చెప్పించుకుంది, పిల్లల చేత ఎక్కం చెప్పించినట్టు.

పిల్లను తొట్లెలో వేసిన రోజు వీధంతా వచ్చింది. పాట అయ్యాక పెద్దాయన నిట్టూర్చి, "చెల్లే, నీ సదువు ఈ పసిపిల్ల మూతి మీద రాసింది," అన్నాడు. చిన్నమ్మ లేచి నిలబడింది. "అన్నా, ఈ పిల్ల పెదవి రెండో నెలలనే చీలింది. గ్రహణం ఆరో నెలల వచ్చింది. ముందు అయిన దానికి వెనకొచ్చింది ఎట్ల కారణమైతది? లెక్క నువ్వు చెప్పు. నా కొడుకును సూర్యుడు సంపలే, చంద్రుడు సంపలే. చెంచాతోటి పాలు పోయొచ్చని ఎవరికి తెలువకపోవుడు సంపింది. మీరందరు నన్ను తిట్టుకుంట కూసున్నరు, నేను ఏడ్సుకుంట కూసున్న. వాడు ఆకలితోటి పోయిండు. గింతమంది ఉండి గ్రహణం దిక్కు సూసినం గానీ వాని ఆకలి దిక్కు సూడలే."

అప్పుడు మా అత్త, అక్షరం ముక్క రాని మా అత్త, తొట్లెలోంచి పిల్లను తీసి, ముఖం మీద గుడ్డ కప్పకుండా పెద్దాయన ఒడిలో పెట్టింది. "సూడు అన్నా. మా పిల్ల. నీళ్ల బిందెల గరిక ఏసింది నేనే, రగ్గు కప్పింది నేనే. తప్పు అంటే నాది గూడ అను," అంది. ఆయన పిల్లను ఎత్తుకోవాలో దించాలో తెలియక అలాగే కూర్చున్నాడు. పిల్ల ఆయన వేలు పట్టుకుంది.

ఆయన మారిపోయాడని రాయడానికి లేదు. హాలు తాళం ఆయన బతికున్నంత కాలం చిన్నమ్మకు తిరిగి ఇవ్వలేదు. కొందరు తల్లులు పిల్లలను మానిపించారు. చిన్నమ్మ మా మెట్ల మీద క్లాసు పెట్టింది. మెట్టుకొకరు చొప్పున కూర్చుంటే, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ తొక్కకుండా దాటుకుంటూ పోయేవారు. పిల్లకు కుట్టు వేశారు. కుట్లు గీరుకోకుండా కొన్ని రోజులు దాని చేతులకు గుడ్డలు చుట్టి కాపలా కాశాం. ఆ తర్వాత అది మొదటిసారి నవ్వినప్పుడు పెదవి రెండు వైపులా ఒక్కసారే సాగింది. మా అత్త అప్పటి నుంచి గ్రహణం వస్తే తాను మాత్రం ఉపవాసముండేది, మమ్మల్ని ఏమీ అనేది కాదు. వీధిలో మరో కోడలికి ఏడో నెలలో గ్రహణం వస్తే, ఆ అమ్మాయిని పడుకోబెట్టాలా అని అడగడానికి వచ్చిన వాళ్లతో, "ఆకలైతే తిననీయుండ్రి," అని పంపించింది. ఆమె చదివిన ఆకాశశాస్త్రం అంతే, కానీ ఆ వీధికి అది చాలా పనికొచ్చింది.

చిన్నాయన పని మానేశాక వాళ్లిద్దరూ సూరత్ పక్కనే ఉన్న కడోదరా పోయారు. చిన్నమ్మకు మోకాళ్లు పట్టేశాయి. మొన్న వెళితే అక్కడి పిల్లలతో మళ్లీ అదే గొంతుతో కొట్లాడుతోంది, చంద్రుడు పగలు కూడా కనిపిస్తాడంటే వాళ్లు నమ్మడం లేదట. చేయి పట్టి మేడ మీదికి ఎక్కించమంది. ఎక్కించాను. నీలాకాశంలో సగం చంద్రుడు తెల్లగా, ఎవరినీ అడగకుండా నిలబడి ఉన్నాడు. ఈ మధ్య అందరూ కాలం మారింది, కాలం మారింది అంటుంటారు. కాలం తనంతట తాను మారడం నేనైతే చూడలేదు; ఎవరో ఒకరు తలుపు తీసుకుని బయటికి వచ్చి నిలబడతారు, అది వాళ్ల వెనక మెల్లగా, చాలా మెల్లగా నడిచి వస్తుంది.